పాత సర్వర్‌లో కూలిపోయే ఫైల్ మేనేజర్: తప్పు ఇంటిదా, అతిథులదా?

ఫోల్డర్ మీద నొక్కగానే విండో ఒక్క క్షణం తెల్లబడుతుంది. టాస్క్‌బార్ మాయమవుతుంది, డెస్క్‌టాప్ మీది ఐకాన్లు చెరిగిపోతాయి, రెండు మూడు సెకన్లలో అన్నీ మళ్లీ ప్రత్యక్షమవుతాయి. తెరవబోయిన ఫోల్డర్ మాత్రం కనిపించదు. ఏళ్ల తరబడి నోరెత్తకుండా పనిచేసిన విండోస్ సర్వర్‌లో ఈ వరస మొదలైతే అనుమానం ముందుగా వైరస్ మీదికి, తర్వాత ‘విండోస్ పాడైంది’ అనే మాట మీదికి పోతుంది. ఆ వెంటే ఒక సలహా కూడా వస్తుంది: అంతా తుడిచేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని. ఎలుకల బాధ పడలేక ఇల్లు తగలబెట్టుకోమనడం లాంటిది ఆ సలహా. ఆ సర్వర్‌లో నడిచే పదేళ్ల నాటి ప్రోగ్రామ్‌కు ఇన్‌స్టలేషన్ డిస్కు ఎక్కడుందో ఎవరికీ తెలియదని తేలిన రోజున దాని ఖరీదు అర్థమవుతుంది.

కూలిపోతున్నది ఫైల్ మేనేజరే అయినా తప్పు దానిదే కానక్కర్లేదు. చాలాసార్లు కాదు కూడా. ఎందుకో తెలియాలంటే దాని కట్టడాన్ని కాస్త చూడాలి.

విండోస్‌లో ఫైల్ మేనేజర్ పేరు ఎక్స్‌ప్లోరర్. అది ఫైళ్లు చూపడంతో సరిపెట్టుకోదు. టాస్క్‌బార్, డెస్క్‌టాప్ కూడా దాని చేతిలోనే ఉంటాయి. అందుకే అది పడిపోతే తెర మొత్తం ఖాళీ అవుతుంది, విండోస్ దాన్ని తనంతట తానే మళ్లీ లేపుతుంది. పైగా దానికి అతిథి మర్యాద ఎక్కువ. జిప్ ఫైళ్లు విప్పే ప్రోగ్రామ్, యాంటీవైరస్, బ్యాకప్ సాఫ్ట్‌వేర్, పీడీఎఫ్ చదివేది, ఫోటోలు సవరించేది, ఇలా ప్రతి ఒక్కటీ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ‘షెల్ ఎక్స్‌టెన్షన్’ అనే చిన్న డీఎల్‌ఎల్‌ను, అంటే వేరే ప్రోగ్రామ్‌లు తమలోకి తెచ్చుకుని వాడుకునే కోడ్ ఫైల్‌ను, వదిలి వెళ్తుంది. రైట్ క్లిక్ మెనూలో కనిపించే అదనపు వరుసలు, ఫైల్ ఐకాన్ మూలన వచ్చే చిన్న గుర్తులు, బొమ్మల థంబ్‌నెయిళ్లు చాలావరకు వీటి పనే. ఎక్స్‌ప్లోరర్ వీటిని బయట కూర్చోబెట్టి మాట్లాడదు. తన ప్రాసెస్‌లోకి (నడుస్తున్న ప్రోగ్రామ్‌ను అలా అంటారు), తన మెమరీలోకి పిలిచి చోటిస్తుంది. మధ్యలో గోడ ఉండదు. ఒక అతిథి తనది కాని మెమరీని తాకితే విండోస్ మూసేది ఆ అతిథిని కాదు, ఇంటిని.

పదేళ్లు నడిచిన సర్వర్‌లో ఇలాంటి అతిథులు ఎందరు చేరి ఉంటారో ఎవరూ లెక్క పెట్టరు. ప్రోగ్రామ్‌ను తొలగించినా దాని డీఎల్‌ఎల్ నమోదు విండోస్ సెట్టింగుల ఖాతా అయిన రిజిస్ట్రీలో మిగిలిపోయిన సందర్భాలూ తక్కువేమీ కాదు.

పరిశీలనలో మొదట తేల్చుకోవలసినది ఒకటుంది. కూలిపోవడం వేరు, బిగుసుకుపోవడం వేరు. ఫిర్యాదు చేసేవారు రెండింటినీ ‘క్రాష్’ అనే ఒక్క మాటతో ముగిస్తారు, విండోస్ లాగ్‌లను చూపే ఈవెంట్ వ్యూయర్‌లో మాత్రం అవి విడివిడిగా కనిపిస్తాయి. అప్లికేషన్ లాగ్‌లో 1000 సంఖ్యతో ఈవెంట్ ఉంటే ప్రోగ్రామ్ చేయకూడని పని చేసి మూతపడిందని అర్థం. 1002 ఉంటే అది దేనికోసమో ఎదురుచూస్తూ పలకడం మానేసిందని, చివరకు దాన్ని మూసేశారని అర్థం. మొదటిదానికి సాధారణంగా కోడ్‌లోనో మెమరీలోనో కారణం దొరుకుతుంది. రెండోదానికి డిస్కు వైపు, నెట్‌వర్క్ వైపు చూడాలి. ఈ ఒక్క విభజన చేయకుండా మొదలుపెట్టిన వెతుకులాట గంటల కొద్దీ తప్పుదారిలో సాగుతుంది.

1000 ఈవెంట్‌ను తెరిస్తే అందులో కూలిన ప్రోగ్రామ్ పేరు, కూలిన క్షణంలో నడుస్తున్న మాడ్యూల్ (డీఎల్‌ఎల్ లేదా ప్రోగ్రామ్ ఫైల్) పేరు, ఆ మాడ్యూల్‌లో కచ్చితంగా ఏ చోట జరిగిందో చెప్పే ఆఫ్‌సెట్ ఉంటాయి. విండోస్ సర్వర్ 2008 నుంచి ఎక్సెప్షన్ కోడ్, అంటే ఏ రకం తప్పు జరిగిందో చెప్పే సంఖ్య, కూడా కనిపిస్తుంది. మాడ్యూల్ చోట మూడో పక్షం డీఎల్‌ఎల్ పేరు సూటిగా ఉంటే పని సగం అయిపోయినట్టే. అంత సులువుగా దొరకడం అరుదు. చాలాసార్లు అక్కడ కనిపించేది ఎన్‌టీడీఎల్‌ఎల్, విండోస్ సొంత మాడ్యూల్. దాన్ని చూసి విండోస్ ఫైళ్లే చెడిపోయాయని తీర్మానించడం అత్త మీది కోపం దుత్త మీద చూపడమే. మెమరీ పంపకాల బాధ్యత ఎన్‌టీడీఎల్‌ఎల్‌ది. ఎవరో అతిథి పది నిమిషాల కిందట తన హద్దు దాటి పక్కవారి మెమరీ మీద రాసి వెళ్లిపోతే, ఆ చెరిపివేత బయటపడేది ఎన్‌టీడీఎల్‌ఎల్ తర్వాత ఎప్పుడో ఆ లెక్కలు చూసుకున్నప్పుడు. సి0000374 కోడ్ చెప్పేది ఇదే: హీప్ (ప్రోగ్రామ్ అవసరమైనప్పుడల్లా మెమరీ తీసుకునే నిల్వ) చెడిపోయింది, చెడగొట్టినవారు ఇక్కడ లేరు. సి0000005 అయితే అనుమతి లేని మెమరీని తాకారని.

సిస్టమ్ ఫైళ్లను సరిచూసే ఎస్‌ఎఫ్‌సీ సాధనాన్ని నడిపి ‘అంతా బాగానే ఉంది’ అనే ఫలితం రాగానే సాఫ్ట్‌వేర్ నిర్దోషి అనుకోవడం కూడా ఇలాంటి పొరపాటే. ఆ సాధనం విండోస్ సొంత ఫైళ్లను మాత్రమే చూస్తుంది, అతిథుల సంచులు వెతకదు.

ఇక్కడ ఒక చిన్న పరీక్ష ఎంతో శ్రమ తగ్గిస్తుంది, అయినా దాన్ని వాడేవారు తక్కువ. నోట్‌ప్యాడ్ తెరిచి, ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కి, ఆ చిన్న విండోలోనే సమస్య ఉన్న ఫోల్డర్‌కు వెళ్లి, అదే ఫైల్ మీద రైట్ క్లిక్ చేయాలి. ఆ విండో కూడా అవే షెల్ ఎక్స్‌టెన్షన్లను పిలుస్తుంది, ఈసారి నోట్‌ప్యాడ్ ప్రాసెస్‌లోకి. పాపం నోట్‌ప్యాడ్ కూడా కూలిపోతే ఎక్స్‌ప్లోరర్ చాలావరకు నిర్దోషి, అతిథుల్లోనే ఎవరో దోషి. 64 బిట్ విండోస్ అయితే దీన్ని ఇంకో మెట్టు ముందుకు తీసుకెళ్లవచ్చు. 64 బిట్ ప్రాసెస్‌లోకి 64 బిట్ డీఎల్‌ఎల్‌లే వస్తాయి, 32 బిట్ ప్రాసెస్‌లోకి 32 బిట్‌వే. అక్కడి నోట్‌ప్యాడ్ 64 బిట్‌ది. ఏదైనా 32 బిట్ ప్రోగ్రామ్ ఓపెన్ విండోలో అదే ఫోల్డర్ నిక్షేపంగా తెరుచుకుని, నోట్‌ప్యాడ్‌లో మాత్రం కూలితే, 64 బిట్ ఎక్స్‌టెన్షన్ల జాబితా వరకే వెతుకులాట కుదించుకోవచ్చు.

ఏ చర్యతో కూలుతోంది అన్నదీ గమనించాలి. రైట్ క్లిక్‌తోనే అయితే మెనూ ఎక్స్‌టెన్షన్లు. ఫోల్డర్ తెరవగానే, ఏమీ నొక్కకుండానే అయితే ఐకాన్ గుర్తులు వేసేవి, థంబ్‌నెయిళ్లు తీసేవి, లేదా వీడియో నిడివి వంటి వివరాలు చదివేవి. ఒకే ఒక్క ఫోల్డర్‌లో కూలి మిగతా చోట్ల కూలకపోతే అందులోని ఒక ఫైలే సగం కాపీ అయి ఆగిపోయిన వీడియో కావచ్చు. దాని వివరాలు చదవబోయిన డీఎల్‌ఎల్ తడబడి ఉంటుంది. అలాంటి ఫోల్డర్‌ను కమాండ్ ప్రాంప్ట్‌లో డీఐఆర్ ఆదేశంతో చూస్తే ఏ గొడవా ఉండదు, ఎందుకంటే అక్కడ ఫైల్ లోపలికి ఎవరూ తొంగిచూడరు. కమాండ్ ప్రాంప్ట్ నుంచే ఫైళ్లను సగం సగంగా వేరే ఫోల్డర్‌కు తరలిస్తూ పోతే దోషి ఫైల్ బయటపడుతుంది.

ఎక్స్‌టెన్షన్లను వడకట్టడానికీ ఇదే సగం పద్ధతి. నిర్‌సాఫ్ట్ వారి షెల్ఎక్స్‌వ్యూ అనే చిన్న ఉచిత సాధనం అన్నింటినీ వరుసగా చూపుతుంది, విండోస్‌వి కానివాటిని విడిగా గుర్తిస్తుంది. ముందు వాటన్నింటినీ నిలిపివేయాలి. క్రాష్ ఆగితే సగం మళ్లీ ప్రారంభించాలి, ఆగకపోతే వెతకవలసింది వేరే చోట. నలభై ఎక్స్‌టెన్షన్లు ఉన్నా ఎక్కువలో ఎక్కువ 6 విడతల్లో ఒక్కటి మిగులుతుంది. ప్రతి విడతకూ ఎక్స్‌ప్లోరర్‌ను పూర్తిగా మూసి తెరవాలి. లేదంటే పాత డీఎల్‌ఎల్ మెమరీలోనే కూర్చుని లెక్క తప్పిస్తుంది. ఈ వెతుకులాట జరిగేంత వరకు ఫోల్డర్ ఆప్షన్లలో ఫోల్డర్ విండోలను వేరే ప్రాసెస్‌లో తెరిచే ఎంపికను పెట్టుకుంటే ఫోల్డర్ కూలినా టాస్క్‌బార్ నిలుస్తుంది. అది వైద్యం కాదు, నొప్పి తగ్గించే బిళ్ల.

సగం పద్ధతికి లొంగని సందర్భాల్లో డంప్ ఫైల్, అంటే కూలిన క్షణంలో ప్రోగ్రామ్ మెమరీ ప్రతి, తీయాలి. సర్వర్ 2008 నుంచి విండోస్ ఎర్రర్ రిపోర్టింగ్ కింద లోకల్‌డంప్స్ అనే రిజిస్ట్రీ కీ పెడితే కూలిన ప్రతిసారీ డంప్ భద్రమవుతుంది. సర్వర్ 2003లో డాక్టర్ వాట్సన్ ఆ పని చేసేది. ఆ డంప్‌ను మైక్రోసాఫ్ట్ డీబగ్గర్ అయిన విన్‌డీబీజీలో తెరిచి, కూలిన థ్రెడ్‌లో (ప్రోగ్రామ్‌లో నడిచే ఒక పని వరుస) కింది నుంచి పైకి ఎవరెవరు ఎవరిని పిలిచారో చూస్తే విండోస్ మాడ్యూళ్ల మధ్య ఒక పరాయి పేరు తరచుగా ఇరుక్కుని కనిపిస్తుంది. హీప్ చెడిన కేసుల్లో జీఫ్లాగ్స్ అనే సాధనంతో పేజ్ హీప్ అనే కట్టుదిట్టమైన మెమరీ తనిఖీ పెట్టడం ఇంకో మార్గం. హద్దు దాటినవారు దాటిన క్షణంలోనే పట్టుబడతారు. అయితే దానికి మెమరీ విపరీతంగా కావాలి, పాత సర్వర్‌లో లేనిదే అది.

సర్వర్ 2003 కాలపు యంత్రాల్లో మరో ముఖం కూడా కనిపిస్తుంది. 2005లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 1తో ఆ వ్యవస్థకు డేటా ఎగ్జిక్యూషన్ ప్రివెన్షన్, అంటే డెప్, వచ్చింది. డేటా కోసం కేటాయించిన మెమరీ నుంచి కోడ్ నడపబోతే ప్రోగ్రామ్‌ను మూసేయడం దాని పని. ఆ నిబంధన పుట్టకముందు రాసిన కొన్ని ఎక్స్‌టెన్షన్లు సరిగ్గా అదే చేసేవి. ‘కంప్యూటర్ రక్షణ కోసం ఎక్స్‌ప్లోరర్‌ను మూసేశాం’ అనే సందేశం వస్తే కొందరు చేసే మొదటి పని ఎక్స్‌ప్లోరర్‌కు డెప్ నుంచి మినహాయింపు ఇవ్వడం. దొంగను చూసి మొరిగే మొరుగుళ్ల వల్ల నిద్ర పట్టడం లేదని కాపలా కుక్కను అమ్మేయడం అది. తీసేయవలసింది ఎక్స్‌టెన్షన్‌ను.

ఇక యంత్రం సంగతి. తప్పు సాఫ్ట్‌వేర్‌దా, హార్డ్‌వేర్‌దా అని తేల్చే అత్యుత్తమ ఆధారం ఒక్క ఈవెంట్‌లో ఉండదు, పది ఈవెంట్లను పక్కపక్కన పెట్టినప్పుడు కనబడుతుంది. ప్రతిసారీ అదే మాడ్యూల్, అదే ఆఫ్‌సెట్ అయితే అది కోడ్‌లో తప్పు. కోడ్ సాధారణంగా ఒకే చోట తప్పు చేస్తుంది. మాడ్యూల్ ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకొకటి, ఆఫ్‌సెట్లకు పొంతన లేదు, ఎక్స్‌ప్లోరర్‌తో పాటు సంబంధం లేని సర్వీసులు కూడా అప్పుడప్పుడు పడిపోతున్నాయి అంటే మెమరీ కర్రలను అనుమానించాలి. అతిథి చెరిపిన హీప్ కూడా కొన్నిసార్లు ఇలాగే చెల్లాచెదురుగా కూలుస్తుంది, కానీ అప్పుడు పడేది ఎక్స్‌ప్లోరర్ ఒక్కటే. సర్వర్లలో సాధారణంగా తప్పులు దిద్దుకునే ఈసీసీ మెమరీ ఉంటుంది. ఒక బిట్ తప్పును దిద్దుతుంది, రెండు బిట్ల తప్పును గుర్తించగలదు. దిద్దిన తప్పుల లెక్క మదర్‌బోర్డు నిర్వహణ చిప్ లాగ్‌లో పేరుకుంటూ ఉంటుంది. విండోస్ లాగ్ ఎంత ప్రశాంతంగా ఉన్నా ఆ లాగ్‌ను తెరిచి చూడాలి. సర్వర్ పేరుతో కొన్న మామూలు డెస్క్‌టాప్ యంత్రమైతే ఈసీసీ ఉండదు, మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్‌ను ఒక రాత్రంతా నడపడం తప్ప దారి లేదు.

డిస్కు కథ వేరు. చెడిపోతున్న డిస్కు ఎక్స్‌ప్లోరర్‌ను కూల్చడం కన్నా బిగించడమే ఎక్కువ. ఒక సెక్టార్ (డిస్కు మీది చిన్న గడి) చదవలేక డ్రైవ్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంటే ఆ జవాబు కోసం విండో అలా నిలబడిపోతుంది. సిస్టమ్ లాగ్‌లో డిస్కు పేరుతో 7, 11, 51 ఈవెంట్లు, విండోస్ ఫైల్ వ్యవస్థ ఎన్‌టీఎఫ్‌ఎస్ పేరుతో 55 కనిపిస్తున్నాయేమో చూడాలి. డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ లెక్కల్లో 5, 197, 198 సంఖ్యల లక్షణాలు వరుసగా మార్చేసిన సెక్టార్లను, తేలని సెక్టార్లను, దిద్దలేని సెక్టార్లను చెబుతాయి. ఇక్కడ సర్వర్‌కు ఒక మెలిక ఉంది. పలు డ్రైవులను కలిపి ఒకటిగా చూపే రెయిడ్ కంట్రోలర్ వెనక ఉన్న డ్రైవుల స్మార్ట్ లెక్కలు మామూలు సాధనాలకు కనబడకపోవచ్చు, ఆ కంట్రోలర్ తయారీదారు సాధనంతోనే చూడవలసి రావచ్చు. తెరిచి చూస్తే ఒక డ్రైవ్ ఎప్పుడో పోయిందని, మిగిలినవాటి మీద బండి కుంటుకుంటూ నడుస్తోందని తెలియడం అసాధారణమేమీ కాదు.

డిస్కు మీద అనుమానం రాగానే విండోస్‌లోని డిస్కు తనిఖీ సాధనం చెక్‌డిస్క్‌ను మరమ్మతు ఎంపికలతో నడపాలని చేతులు దురద పెడతాయి. ఆగడం మంచిది. ఆ మరమ్మతు డిస్కు అంతా చదువుతుంది, పట్టికలను తిరగరాస్తుంది. ప్రాణం మీదికి వచ్చిన డ్రైవ్‌కు అది గోరుచుట్టు మీద రోకటి పోటు. ఏ ఎంపికా ఇవ్వకుండా నడిపితే చదివి నివేదిక మాత్రమే ఇస్తుంది, అంతవరకు ఫర్వాలేదు. మరమ్మతుకు ముందు డేటా బయటికి రావాలి. ఎక్స్‌ప్లోరర్‌తో కాపీ చేయబోతే అది మధ్యలో కూలుతుంది కాబట్టి కమాండ్ ప్రాంప్ట్ నుంచి కాపీ చేసే రోబోకాపీ వాడతారు. అక్కడా ఒక గుంట ఉంది. చదవలేని ఫైల్ ఎదురైతే రోబోకాపీ ఎన్నిసార్లు ప్రయత్నించాలో చెప్పకపోతే అది పెట్టుకునే సంఖ్య 10 లక్షలు, ఒక్కో ప్రయత్నం మధ్య 30 సెకన్లు. అంటే ఒక్క చెడ్డ ఫైల్ దగ్గర దాదాపు 347 రోజులు. ఆ రెండింటినీ ఒకటికి తగ్గించి, లాగ్ ఫైల్ పేరు ఇచ్చి నడిపితే దొరికినదంతా ముందుగా బయటపడుతుంది, దొరకనివాటి జాబితా మిగులుతుంది. డ్రైవ్ స్థితి మరీ దారుణంగా ఉంటే ఫైళ్ల స్థాయిలో కాకుండా లైనక్స్ నుంచి డీడీరెస్క్యూతో డిస్కు మొత్తాన్ని ప్రతి తీయడం మేలు. బాగున్న భాగాలను ముందు లాగి, మొండి భాగాలను చివరికి వదులుతుంది.

నెట్‌వర్క్ వల్ల బిగుసుకోవడం గురించి పెద్దగా చెప్పనవసరం లేదు. ఎప్పుడో తీసేసిన యంత్రానికి మ్యాప్ చేసిన డ్రైవ్ అక్షరం ఒకటి మిగిలి ఉంటే చాలు, ఎక్స్‌ప్లోరర్ తెరిచిన ప్రతిసారీ దాని కోసం ఎదురుచూడవచ్చు. అలాంటివాటిని తెంపేయాలి.

రీబూట్ చేయగానే బాగుపడి, సరిగ్గా కొన్ని రోజులకు మళ్లీ మొదలయ్యే రకం మాత్రం ప్రత్యేకమైనది. ఇది లీకేజీ లక్షణం. విండోస్‌లో ఒక్కో ప్రాసెస్‌కు జీడీఐ వస్తువులు (తెర మీద గీయడానికి వాడే బొమ్మలు, ఫాంట్లు వంటివి) మామూలుగా 10,000 మించకూడదు. ఏదో ఎక్స్‌టెన్షన్ ఐకాన్లు తీసుకుని తిరిగి ఇవ్వకపోతే ఆ లెక్క రోజురోజుకూ పెరుగుతుంది. ముందు మెనూల్లో అక్షరాలు మాయమవుతాయి, అంచులు నల్లబడతాయి, చివరకు కూలిపోతుంది. టాస్క్ మేనేజర్‌లో జీడీఐ వస్తువుల నిలువు వరుసను చేర్చుకుని ఉదయం, సాయంత్రం సంఖ్య రాసుకుంటే రెండు రోజుల్లో సంగతి తేలుతుంది. 32 బిట్ సర్వర్ 2003లో కెర్నెల్ (వ్యవస్థ మూల భాగం) మెమరీ కూడా ఇలాగే అడుగంటేది, 2019, 2020 ఈవెంట్లు దానికి సాక్ష్యం. అక్కడ బూట్ ఫైల్‌లో 3జీబీ అనే స్విచ్ ఉందేమో చూడాలి. ఎప్పుడో డేటాబేస్‌కు ఎక్కువ మెమరీ ఇద్దామని ఎవరో చేర్చి మరిచిపోయి ఉంటారు. ప్రోగ్రామ్‌లకు అదనంగా ఇచ్చిన ఆ ఒక గిగాబైట్ కెర్నెల్ వాటాలోంచి కోసినదే. 2 గిగాబైట్ల చోటు 1కి తగ్గి పూల్, అంటే కెర్నెల్ వాడుకునే మెమరీ నిల్వ, త్వరగా నిండుతుంది.

లైనక్స్ సర్వర్‌లో గ్రాఫికల్ డెస్క్‌టాప్ పెట్టుకుని నాటిలస్, థునార్, డాల్ఫిన్ వంటి ఫైల్ మేనేజర్లు వాడేచోట కూడా తర్కం ఇదే, పేర్లు మారతాయి. కెర్నెల్ లాగ్‌లో సెగ్‌ఫాల్ట్ (అనుమతి లేని మెమరీని తాకిన తప్పు) వరుస పడితే దాని చివర లైబ్రరీ పేరు ఉంటుంది, అది 1000 ఈవెంట్‌లోని మాడ్యూల్ పేరుతో సమానం. సెగ్‌ఫాల్ట్ లేకుండా విండో మాయమైతే ఓఓఎం కిల్లర్ పేరు వెతకాలి. మెమరీ చాలక కెర్నెలే చంపి ఉంటుంది, ప్రోగ్రామ్‌లో తప్పే ఉండదు. కదలకుండా పడి ఉండి, బలవంతంగా చంపే 9వ సిగ్నల్‌కు కూడా చావకపోతే అది తెగిపోయిన ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్ (నెట్‌వర్క్ మీది ఫోల్డర్) దగ్గర ఎవరూ లేపలేని నిద్రలో ఉండి ఉండవచ్చు. డిస్కులో గిగాబైట్ల కొద్దీ చోటు ఉన్నా కొత్త ఫైల్ పుట్టడం లేదంటే ఐనోడ్‌ల (ఒక్కో ఫైల్‌కు ఒకటి చొప్పున కావలసిన నమోదులు) లెక్క చూడాలి.

ఇంత వెతుకులాట తర్వాత దోషి ఎక్స్‌టెన్షన్ దొరికిందనుకుందాం. దాని కొత్త వెర్షన్ వేసుకోమని చెప్పడం సులువే, కానీ పాత సర్వర్‌లో అది కుదిరే అవకాశం తక్కువ. సర్వర్ 2003కు మద్దతు 2015 జులై 14న, 2008, 2008 ఆర్2లకు 2020 జనవరి 14న, 2012, 2012 ఆర్2లకు 2023 అక్టోబర్ 10న ముగిసింది. చాలా ప్రోగ్రామ్‌ల కొత్త వెర్షన్లు ఈ వ్యవస్థల మీద ఇన్‌స్టాల్ కావు. కాబట్టి ఆ ఎక్స్‌టెన్షన్‌ను నిలిపివేసి, ప్రోగ్రామ్‌ను విడిగా తెరిచి వాడుకోవడమే ఆచరణలో మిగిలే పరిష్కారం.

అసలు సర్వర్ ముందు కూర్చుని ఫైళ్లు చూడవలసిన అవసరం ఎంత అన్నదీ ప్రశ్నే. మైక్రోసాఫ్ట్ సర్వర్ 2008తో తెచ్చిన సర్వర్ కోర్‌లో ఎక్స్‌ప్లోరర్ లేనే లేదు. అంత దూరం వెళ్లకపోయినా, నిర్వాహకులు తమ సొంత కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్ షేర్ ద్వారా ఆ ఫోల్డర్లను తెరిస్తే అతిథులందరూ ఆ కంప్యూటర్‌లోనే దిగుతారు, కూలితే అక్కడే కూలుతుంది. సర్వర్‌లో పీడీఎఫ్ చదివే ప్రోగ్రామ్, ఫోటో సాధనం ఎందుకు ఉన్నాయో అడిగితే సాధారణంగా ఎవరి దగ్గరా జవాబు ఉండదు.

చివరకు ఆ సర్వర్‌ను డిస్కు ప్రతితో సహా వర్చువల్ మెషీన్‌గా, అంటే సాఫ్ట్‌వేర్ సృష్టించిన యంత్రంగా, కొత్త యంత్రం మీదికి తరలించడం చాలా చోట్ల జరిగేదే. ఎక్స్‌టెన్షన్లు కూడా ఆ ప్రతిలోనే కొత్త ఇంటికి వస్తాయి. అక్కడ కూడా అదే మాడ్యూల్, అదే ఆఫ్‌సెట్‌తో కూలితే పాత మెమరీ, పాత మదర్‌బోర్డు ఇన్నాళ్లూ ఊరికే నింద మోసినట్టు. రెండు వారాలు నడిచినా ఒక్కసారీ కూలకపోతే అనుమానం పాత యంత్రం వైపు గట్టిగా మొగ్గుతుంది. అయితే కొత్త ప్రాసెసర్‌కు డెప్‌ను హార్డ్‌వేర్ స్థాయిలో అమలుచేసే సామర్థ్యం ఉండి, పాతదానికి లేకపోయి ఉంటే, అంతకుముందు ఎన్నడూ కూలని చోట కొత్తగా కూలవచ్చు. అది పాత రోగమా, కొత్తదా అని తేల్చడానికి పోల్చి చూడవలసినది పాత యంత్రంలోని 1000 ఈవెంట్లను. ఆ లాగ్ నిండితే పాత వరుసల మీదే కొత్తవి రాసుకుంటుంది కాబట్టి, తరలించే రోజు వరకు ఆగకుండా దాని ప్రతిని ముందే వేరే చోట దాచి ఉంచాలి.